బాల్యమిత్రుల వియోగము - పెద్దల కర్తవ్యము



నేటి ప్రసంగ విషయము వినుటకు చిన్నదిగా తోచును. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ప్రాయమున పిల్లలిద్దరు ప్రాణస్నేహితులై యుండగా, వారిలో నొకరు ఊరు విడిచి పోవలసి వచ్చినచో ఆ యెడబాటును వారెట్లు భరింతురు, వారికి మనమెట్లు తోడ్పడవలయును అనునదే యా విషయము. పంటలు, అప్పులు, పెండ్లిండ్లు, వ్యాజ్యెములు గల మనకు ఇదియొక చింతయా యని కొందరనవచ్చును. ముప్పది యేండ్లకు పైగా నేరేడుచర్ల ప్రాంతమున బడిపిల్లల నడుమ కాలము గడిపినవాడను గనుక, ఇది చింతయే యని మనవి చేయుచున్నాను. పెద్దవారి దుఃఖమునకు పరామర్శ కలదు. ఇల్లు కాలిన పదిమంది వత్తురు. స్నేహితుడు వెడలిపోయిన పిల్లవాని వద్దకు ఎవ్వరును రారు.

ఊళ్లు విడుచుట, ఊళ్లు చేరుట మన సీమకు క్రొత్త గాదు. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిన పిమ్మట, ఎడమ కాలువ క్రింద మెట్టభూములు మాగాణులయ్యెను. దూరప్రాంతముల రైతుకుటుంబములు అనేకము ఇచటికి వచ్చి స్థిరపడెను. ఆ కుటుంబముల పిల్లలు తమ పాత బడులలో ఎవరిని విడిచి వచ్చిరో మనమడుగలేదు. తరువాత కృష్ణకు అడ్డముగ పులిచింతల జలాశయము కట్టబడెను. 2004లో శంకుస్థాపన జరిగి, 2013లో ప్రారంభమైన ఆ జలాశయము వలన చింత్రియాల, వెల్లటూరు మొదలగు నదీతీర గ్రామములు ముంపునకు గురియయ్యెను. పొలమునకును ఇంటికిని పరిహారము లెక్క గట్టిరి. బడిలో ప్రక్కన కూర్చుండిన తోడునకు లెక్క ఏ కాగితమున నుండును? నేడు మన కుటుంబములు మిర్యాలగూడ బియ్యపు మిల్లులకును, సూర్యాపేటకును, హైదరాబాదునకును జీవనార్థమై తరలుచున్నవి. జూన్ మాసమున బడులు తెరచునప్పటికి ప్రతి తరగతిలోను ఒకటి రెండు స్థానములు ఖాళీ యగుచుండును.

చదువు నిమిత్తమై కలుగు వియోగము మరియొకటి కలదు. 1971లో, శ్రీ పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, నాటి నల్లగొండ జిల్లాలోని సర్వేలు గ్రామమున గురుకుల విద్యాలయము వెలసెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లాకొక నవోదయ విద్యాలయము పెట్టసాగిరి. ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ఆ భాగ్యము చలకుర్తియందు లభించెను. అయిదవ తరగతి చదువు పిల్లలు పరీక్ష వ్రాసి, గెలిచినవారు ఆరవ తరగతిలో చేరుదురు. అందు నూటికి 75 స్థానములకు తక్కువ గాకుండ పల్లెపిల్లలకే యిత్తురు. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము అనుమతించిన 28 క్రొత్త నవోదయలలో మన సూర్యాపేట జిల్లాకును ఒకటి దక్కినది. ఆడుబిడ్డలకై 2004లో కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయముల పథకము ఆరంభమయ్యెను. ఇవి యన్నియు పల్లెకు వెలుగులే. కాని ఆ వెలుగునకు పోవు ప్రతి బిడ్డయు పదునొకండేండ్ల ప్రాయమున ఒక నేస్తమును విడిచి పోవుచున్నదని మరువరాదు.

ఈ ప్రాయపు స్నేహమునకు అంత బలమెట్లు కలిగెను? అన్నదమ్ములను, మేనబావలను దైవమిచ్చును. ఇరుగు పొరుగు పిల్లలను ఊరిచ్చును. మన పల్లెలలో సోపతి యనుచు, దోస్తానా యనుచు వ్యవహరించు బంధమును మాత్రము బిడ్డ తానై యెంచుకొనును. జీవితమున వాడు స్వబుద్ధితో చేసికొనిన మొదటి నిర్ణయ మదియే. తండ్రికి చెప్పరాని భయమును, తల్లికి చెప్పరాని తప్పును ఆ యొక్కనితోనే చెప్పుకొనును. అట్టివాడు పోయినప్పుడు, "ఇంకొకడు దొరకడా?" యని మనమనుట, ఎద్దు చచ్చిన రైతుతో సంతలో ఎడ్లు లేవా యనుట వంటిది. మాట నిజమే కావచ్చును. ఆ సమయమున అది ఓదార్పు గాదు.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. పోవువానికి దుఃఖమున్నను త్రోవ యున్నది. క్రొత్త యూరు, క్రొత్త గురువులు, క్రొత్త నియమములు వాని మనస్సును లాగుచుండును. ఉండువానికి అన్నియు పాతవే. అదే బాట, అదే బల్ల, అదే గంట. ప్రతిచోటను ఒకని కొరత మాత్రమే క్రొత్త. మనమో పోవువానికి పెట్టె సర్దుదుము, పిండివంటలు చేయుదుము, బస్సు వరకు సాగనంపుదుము. ఉండువాని ముఖము చూచు తీరిక మనకుండదు.

నేనెరిగిన యిద్దరు పిల్లల వృత్తాంతమును చెప్పెదను. వారి పేరులతో మనకు పనిలేదు. ఒకడు రైతు బిడ్డ, రెండవవాడు మిల్లు హమాలీ బిడ్డ. ఒకే బల్లపై కూర్చుండి, ఒకే సైకిలుపై తిరుగుచు పెరిగిరి. ఇద్దరును నవోదయ పరీక్ష వ్రాసిరి. హమాలీ బిడ్డకు స్థానము వచ్చెను, రైతు బిడ్డకు రాలేదు. వాడు మిత్రుని విజయమునకు సంతోషింపవలయును, తన యోటమికి బాధపడవలయును, వియోగమునకు దుఃఖింపవలయును. పదునొకండేండ్ల హృదయమునకు ఇన్ని భారములు ఒక్కదినముననే వచ్చి పడెను. బడులు తెరచిన పిమ్మట వాడు నాతో పలికిన మొదటి మాట యిది: "సార్, నా పక్కన ఎవ్వలిని కూసోబెట్టకుండ్రి." కొన్నినాళ్లకు బడికి వచ్చుటయే తగ్గించెను.

వాని తాత యెక్కువ చదువుకొన్నవాడు గాడు. ఉత్తరము వ్రాయగలవాడు, భారతము చదువగలవాడు. ఆయన మనుమని కొట్టలేదు, తిట్టలేదు. ఒక కార్డు తెచ్చి ముందుంచి, మిత్రునికి జాబు వ్రాయుమనెను. "రాయనీకి ఏమున్నది తాతా?" యని బాలుడనెను. అందులకా వృద్ధుడు, "వానికి సంగతులు రాయాల్నంటే నీకు సంగతులు ఉండాలె గద బిడ్డా. బడికి పోకుంటే ఏం రాస్తవు?" అనెను. ఆదివారము జాబు వ్రాయుటకై, సోమవారము మొదలు శనివారము వరకు వాడు బడికి రాసాగెను. ఎవడు ఏ ఆట గెలిచెనో, ఏ పాఠము జరిగెనో, కాలువకు నీరెప్పుడు వచ్చెనో కనిపెట్టసాగెను. మిత్రునికై లోకమును చూచుచు చూచుచు, తనకై చూచుటయు నేర్చుకొనెను.

తల్లిదండ్రులు పిల్లలను చూడబోవు ఆదివారమొకటి రాగా, తాత మనుమని వెంటబెట్టుకొని, ఆ హమాలీ దంపతులతో కూడ మిర్యాలగూడ మీదుగా చలకుర్తి పోయెను. సకినాలు మూటగట్టుకొని పోయిరి. అచట మిత్రుని చుట్టును క్రొత్త పిల్లలు మూగియుండిరి. సకినాలు నిమిషములో చెల్లిపోయెను, మాటలు మాత్రము మునుపటివలె సాగలేదు. తిరుగు బస్సులో బాలుడు, "వానికి కొత్త దోస్తులైనరు తాతా" యని కన్నీరు పెట్టుకొనెను. "కావాలె గద బిడ్డా. కాకుంటే వాడు ఆడ ఎట్ల ఉంటడు?" అని తాత యనెను. ఈ మాట ఆయనయే పిమ్మట నాకు చెప్పెను. ఆ తరువాత నెలలోపల బల్లపై ఖాళీస్థానమున ఇంకొక బాలుని కూర్చుండబెట్టుమని వాడే నన్నడిగెను.

జాబులు క్రమముగా తగ్గినవి. తొమ్మిదవ తరగతిలో నవోదయవారు నూటికి 30 మంది విద్యార్థులను హిందీ ప్రాంతపు విద్యాలయమునకు ఏడాదిపాటు పంపి, అచటివారిని ఇచటికి రప్పింతురు. ఆ బాలుడును అట్లు పోయెను. ఆ యేడు వచ్చిన జాబులు రెండో మూడో. ఇచటివాడు పదవ తరగతి చక్కగా ముగించెను. దసరాకు ఇద్దరును ఊరనున్నప్పుడు జమ్మియాకు చేతులలో నుంచుకొని ఆలింగనము చేసికొనుచుండగా చూచితిని. మునుపటి దగ్గరితనము లేదు. మనస్పర్ధయు లేదు. అంతకన్న కోరదగినదేమి?

మన పురాణములలో సహాధ్యాయుల జంటలు రెండు కలవు. రెండు జంటలును గురుకులమున కలిసి పెరిగి, పిమ్మట విడిపోయినవే. ద్రోణుడును ద్రుపదుడును అగ్నివేశ్యుని యొద్ద విలువిద్య నేర్చిరి. తాను రాజైన పిమ్మట తన రాజ్యభోగములు మిత్రునివే యని ద్రుపదుడు బాల్యమున పలికెను. పేదరికము పైబడగా ద్రోణుడు ఆ మాటను ఋణపత్రమువలె పట్టుకొని పోయెను. రాజునకును పేదకును స్నేహమేమి యని ద్రుపదు డవమానించెను. శిష్యులచే బంధింపజేయుట, సగము రాజ్యము గొనుట, పగతో యజ్ఞము చేయుట, ధృష్టద్యుమ్నుడు పుట్టుట, తుదకు వానిచే ద్రోణుడు కూలుట మీరెరిగినవే. ఇక సాందీపని శిష్యులైన కృష్ణకుచేలుర మాట. వీరు పెద్ద బాసలు చేసికొన్నట్లు కథయందు వినము. ఏండ్లు గడచిన పిమ్మట కుచేలుడు అటుకులు కొంగున గట్టుకొని పోయెను. కృష్ణుడు గురుపత్ని పంపగా కట్టెలకు పోయి అడవిలో వానకు చిక్కిన రాత్రిని జ్ఞప్తికి తెచ్చెను. ఒకచోట బాల్యపు మాట బాకీ యయ్యెను. ఇంకొకచోట బాల్యపు జ్ఞాపకమే చాలినది.

కావున బిడ్డలచే "ఎన్నటికిని మరువను, రోజును మాటలాడుదును" అను బాసలు చేయింపకుడు. బాస తప్పినవాడు సిగ్గుచే దూరమగును. బాస నమ్మినవాడు కోపముచే దూరమగును. స్నేహము పలుచనగుట ద్రోహము కాదని బిడ్డకు ముందుగనే తెలుపుడు.

చేయదగిన పనులు కొన్ని చెప్పి ముగింతును. ఊరు విడుచు నిశ్చయము కాగానే ఇరువురు పిల్లలకును చెప్పుడు. సామాను లారీకెక్కించు దినమున తెలియుట వారికి దెబ్బ. పోవుటకు ముందు వారిద్దరిని తమ కిష్టమైన చోట్లకు కలిసి పోనిండు. ఒకరి వస్తువొకరికి ఇచ్చుకొనినచో పోయెనని గద్దింపకుడు. ఫోను సంఖ్యలు, చిరునామాలు పెద్దలే వ్రాసి పుచ్చుకొనుడు. సెల్‌ఫోనులో ముఖము చూచి మాటలాడు వసతి నేడు కలదు. వారమునకొక దినము, ఒక వేళ నిర్ణయింపుడు. ప్రతిదినము గంటలకొలది మాటలాడు పిల్లవాడు ఉన్నయూరిలో ఉండక, పోయినవాని యూరిలోనే యుండును. జాబు వ్రాయించుట ఇంకను మేలు. 1879 జూలై 1వ తేదీన మన దేశమున వెలసిన తపాలా కార్డు నేటికిని తపాలా కచేరిలో దొరకును.

ఆడుబిడ్డల విషయమున మరింత శ్రద్ధ వలయును. మగపిల్లవాడు పండుగకు మిత్రునింటికి తానే పోగలడు. ఆడుపిల్లను ఎవరో తోడ్కొని పోవలయును. "స్నేహితురాలి కొరకు ఇంత ప్రయాణమా?" యని మనము కొట్టివేయుదుము. బతుకమ్మ నాటికైనను ఒకసారి కలిపి ఆడింపుడు.

రెండు మూడు వారములు దిగులుగా నుండుట సహజము. నెల దాటినను తిండి, నిద్ర తప్పి, బడి యనిన విముఖుడై యుండినచో ఉపాధ్యాయునితో చెప్పుడు. అవసరమైన వైద్యునికి చూపుడు. ఉండిపోయిన బిడ్డను దినమున కొకసారి పిలిచి, "నేడు బడిలో ఏమి జరిగెను?" అని అడుగుట ఏ తాతకైనను, ఏ నాయనమ్మకైనను సాధ్యమగు పని. సమాధానము చెప్పువరకు ఓపికతో కూర్చుండుడు.