పొదుపు కట్టించుకునే ముందు 'ఎట్లున్నవ్' అని అడుగుదాం
(వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



ప్రతి ఏడు ఇక్కడ బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి, రికవరీ గురించి మాట్లాడుకుంటం. ఈసారి నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడుమన్నరు. నేను పదో తరగతి దాకే చదివిన. డాక్టరు చెప్పినట్టు చెప్పరాదు. నా మీద గడిచింది, మా సంఘంలో నేను చేసిన ఒక తప్పు, రెండూ చెప్త.

మా ఆయన పోయి ఆరేండ్లు అయితున్నది. ఇద్దరు పిల్లలు, ముసలి అత్తమ్మ. మేం కౌలుకు చేసేటోళ్లం, పేరు మీద పట్టా లేదు గనుక రైతు బీమా వర్తించలేదు. దినాలు అయ్యేదాకా ఇల్లు నిండ మనుషులు ఉన్నరు. తర్వాత ఎవరి ఇంటికి వాళ్లు పోయిన్రు. నేను కూలికి పోయిన, సంఘం పుస్తకాలు రాసిన, పిల్లలను బడికి తోలిన. అందరు "గట్టి మనిషి" అన్నరు. ఆ మాట విని నాకు ఏడ్వడానికి కూడా సిగ్గయింది.

నాలుగేండ్ల తర్వాత ఒళ్లు మొరాయించింది. రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చి మళ్ల నిద్ర పట్టకపోయేది. గుండెల మీద బండ పెట్టినట్టు ఉండేది. తల నొప్పి, ఆకలి లేదు, చిన్న పనికే అలసట. ఊర్లె ఇంజక్షన్లు వేయించుకున్న, సెలైన్ ఎక్కించుకున్న. ఎవరో గాలి సోకిందంటే తాయెత్తు కట్టించుకున్న. ఎనిమిది వేలు ఖర్చయినయి, అవి గూడ సంఘంల అప్పు తెచ్చినయే.

నన్ను కదిలించింది బడి నుంచి వచ్చిన ఫోన్. ఏడో తరగతి చదివే నా బిడ్డ క్లాసుల నిద్రపోతున్నదట. సారు అడిగితే, "రాత్రి మా అమ్మ పండుకునేదాకా నేను పండుకోను సార్, భయమైతది" అన్నదట. నేను పిల్లను కాపాడుతున్న అనుకున్న. పిల్ల నన్ను కాపలా కాస్తున్నది.

ఆశా వర్కర్‌కు చెప్పుకుంటే ఒక నంబరు ఇచ్చింది. 14416. దాని పేరు టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10 నాడు మొదలుపెట్టింది. పైసలు పడవు, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతరు. ఇంట్ల అత్తమ్మ వింటదని నేను చెలక గట్టు మీద కూసొని చేసిన. మొదట నోట మాట రాలేదు, ఏడుపే వచ్చింది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. అంతా విని, ఇది జబ్బే, తగ్గే జబ్బు, ప్రభుత్వ దవాఖానలో మానసిక వైద్యం డాక్టరుకు చూపించుకోండి అన్నది.

మనకు వరంగల్‌లో ఎంజీఎం ఉన్నది. అందులో మానసిక వైద్య విభాగం ఉన్నది. అయినా నేను నెల రోజులు పోలేదు. ఆ లైన్ల నిలబడితే ఎవరన్న చూస్తరు, పిచ్చిది అంటరు, లీడర్‌గ తీసేస్తరు అని భయం. బస్సు చార్జీ లేదని చెప్పుకుందామంటే ఆ సాకు గూడ లేదు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే గదా! ఆఖరుకు సంఘంల బ్యాంకు పని ఉన్నదని అబద్ధం చెప్పి పోయిన. ఓపీ చీటీ తీసుకున్న. డాక్టరమ్మ నిద్ర, ఆకలి, పిల్లల సంగతి అన్నీ అడిగి, రక్త పరీక్ష రాసి, గోలీలు ఇచ్చింది.

గోలీల గురించి ఒక మాట. వేసుకున్న మర్నాడే తగ్గదు. గుణం కనబడాలంటే రెండు మూడు వారాలు పడుతుంది. మొదట్ల కొంచెం కడుపుల తిప్పినట్టు, మత్తుగ ఉంటది. నేను పది రోజులకే బంద్ పెట్టిన, మళ్ల మొదటికి వచ్చింది. మీరు అట్ల చేయకండి. మంచిగైందని అనిపించినా డాక్టరును అడగకుండ ఆపొద్దు. అందరికీ గోలీలే అక్కర ఉండవు, కొందరికి కూసోబెట్టి మాట్లాడితేనే తగ్గుతది. అది డాక్టరు చెప్తది.

ఈ జబ్బు కొత్తది కాదు. మన దగ్గర దీనికి పేరు ఎన్నడో ఉన్నది. "మనాది పెట్టుకున్నది, మనాదితో చిక్కిపోయింది" అని మన అవ్వలు అనేవాళ్లు. 1998 ప్రాంతంలో మన జిల్లాల పత్తి పోయి ఎంతోమంది రైతులు పాణాలు తీసుకున్నరు. అప్పుడు నేను చిన్న పిల్లను. పోయిన మనిషి గురించి, అప్పు గురించి, నష్టపరిహారం గురించి అందరు మాట్లాడిన్రు. పిల్లలను పట్టుకొని మిగిలిన ఆడమనిషికి నిద్ర పడుతున్నదా అని ఎంతమంది అడిగిన్రు? బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే పెద్దవాళ్లలో పది మందిల ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నదని తేలింది. ఆ లెక్కన మన పది, పన్నెండు మంది సంఘంల ఒక మనిషి ఉన్నట్టే.

మా సంఘంల ఉన్నది. ఇదే నేను చేసిన తప్పు.

ఒక చెల్లె, భర్త విడిచిపెట్టి పోయిండు, చిన్న బాబు. ఆమె ఒప్పుకున్నంకనే చెప్తున్న. మూడు మీటింగులు రాలేదు. నియమం ప్రకారం జరిమానా అన్నం. తీర్మానం పుస్తకంల నా చేతితోనే రాసిన. రెండు కిస్తీలు తప్పినయి. నలుగురం కలిసి ఇంటికి పోయినం. తలుపు తీయలేదు. నేను ఆ జబ్బు పడి లేచిన దాన్నే, నాకైనా తట్టాలె గదా! తట్టలేదు. కిస్తీ మాట చెప్పి వచ్చేసినం.

రాత్రి నాకు మనసున పట్టలేదు. మర్నాడు ఒక్కదాన్నే పోయిన. "పైసల కోసం రాలేదు, అన్నం తిన్నవా?" అన్న. తలుపు తీసింది. "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా చెల్లె?" అని సీదా అడిగిన. అట్ల అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు బయటపడుతుంది. ఆమె తల ఊపింది. ఇంట్ల ఉన్న పురుగు మందు నేను తెచ్చేసిన, వాళ్లమ్మను పిలిపించిన, ఒంటరిగ ఉంచలేదు, తెల్లారి దవాఖానకు తీసుకపోయిన. నా సంగతి ఆమెకు మొదటిసారి చెప్పింది ఆ బస్సులనే. ఇప్పుడు ఆమె మంచిగ ఉన్నది. తర్వాత ఒకనాడు అన్నది: "అక్కా, మీరు నలుగురు వచ్చిన్నాడు బాకీ కోసమే వచ్చిన్రు అనుకున్న." ఆమె అనుకున్నది నిజమే గదా!

మన దశసూత్రాల్లో ఆరోగ్యం కూడా ఒకటి. అందుకని ఈ సభ ముందు నాలుగు మాటలు పెడుతున్న, తీర్మానం చేయండి.

ఒకటి, మీటింగుల పొదుపు కట్టించుకునే ముందు ఒక్కొక్కరిని "ఎట్లున్నవ్, నిద్ర పడుతున్నదా" అని అడగాలె. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస పోతే ఊకోవద్దు.

రెండు, వరుసగ రెండు మీటింగులు రాని మనిషి ఇంటికి ఒక్కరే పోవాలె, అప్పు పుస్తకం పట్టుకపోవద్దు. దవాఖాన రోజుకు జరిమానా వద్దు.

మూడు, పిల్లలతోని ఒంటరిగ ఉన్న సభ్యురాలు దవాఖానకు పోతే ఒకరు తోడు పోవాలె, ఒకరు పిల్లలను చూసుకోవాలె. ఆ విషయం సంఘం దాటి పోవద్దు. రోగి వివరాలు గోప్యంగ ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెప్తున్నది. పాణం తీసుకోబోయి బతికిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నదని భావించాలె గని శిక్షించవద్దని గూడ ఆ చట్టంలనే ఉన్నది. కాబట్టి పోలీసు భయంతో ఎవరూ వైద్యం ఆపవద్దు.

నాలుగు, జబ్బు పడ్డ మనిషి కిస్తీని చిన్నగ చేయాలె. "పైసలు మునిగితే ఎట్ల?" అని మా పెద్దమ్మ ఒకామె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఆ చెల్లెకు నెలకు ఐదు వందలు చేసినం, ఒక్క నెల తప్పలేదు.

ఇంకొన్ని నంబర్లు రాసుకోండి. ఇంట్ల కొట్టుడు, హింస ఉంటే 181. పిల్లల కష్టానికి 1098. ఉచిత న్యాయ సహాయానికి 15100. పాణం మీదికి వస్తే 108. ఒంటరి మహిళలకు 2017 నుంచి పెన్షన్ ఉన్నది, అర్హత ఉండి రానోళ్లు వీవోఏను అడగండి.

నేను ఎంజీఎంకు పోయిన సంగతి ఇప్పటిదాకా మా సంఘంల ఒక్క మనిషికే తెలుసు. ఇయ్యాల మీ అందరికీ చెప్పిన. లీడర్‌గ తీసేస్తరా, ఉంచుతరా మా సంఘం ఇష్టం. నా బిడ్డ ఇప్పుడు తొమ్మిదింటికే పండుకుంటున్నది. నాకు అది చాలు.