హెడ్‌ఫోనునకు దగిన యంత్రము



ముప్పదియైదేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పిన వృద్ధపండితుడు డాక్ అను యంత్రమును గూర్చి ప్రసంగించుట మీకు వింతగా దోపవచ్చును. కారణము చెప్పెదను. రెండేండ్ల క్రిందట నా సహధర్మచారిణికి జబ్బుచేసి రాత్రులందు నిద్ర పలుచనయ్యెను. నాకో, ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీనము కొంతసేపు వినక కన్ను మూతపడదు. అందుచే సెన్‌హైజర్ వారి హెచ్‌డి 600 అను హెడ్‌ఫోనును గొంటిని. అది 1997లో వెలువడినది. వెనుకభాగము తెరచియుండుటచే దానినుండి కొంత శబ్దము వెలికి వచ్చును. కావున వసారాలో గూర్చుండి వినుచుంటిని.

ఫోనునకు దగిలింపగా వాయులీనము బావిలోనుండి వచ్చినట్లు వినబడెను. అంగడివాడు, "మంచి డాక్ లేనిదే యింతేనండీ" యని నా మూడు నెలల పింఛనునకు సరియగు పెట్టె నొకదానిని జూపి, పదిదినములు విని చూడుమని యింటికిచ్చెను.

ఇచట రెండు పనులు గలవు. యంత్రములో సంగీతము అంకెలుగా నుండును. కాంపాక్టు డిస్కు లెక్కలో ఒక్కొక్క చెవికి సెకనునకు 44,100 అంకెలు. వానిని చదివి విద్యుత్తరంగముగా మార్చునది డాక్. ఇది తాళపత్రమును జదువు పాఠకుని వంటిది. తప్పుచదువకున్న చాలును, తన కవిత్వము కలుపనక్కరలేదు. ఆ తరంగమునకు బలమిచ్చి హెడ్‌ఫోనును కదలించునది ఆంప్లిఫయరు. నేడు బొటనవ్రేలంత పరికరములోనే యీ రెండును ఇముడుచున్నవి.

నా పూర్వశిష్యు డొకడు, విద్యుచ్ఛాస్త్రము చదివినవాడు, అట్టి చిన్నపరికరమును దెచ్చి, "మాస్టారూ, కన్నులు మూసికొని వినండి" అనెను. కన్నులకు ఉత్తరీయము గట్టుకొంటిని. పదిమార్లు మార్చి వినిపింపగా తొమ్మిదిమార్లు పెద్దపెట్టెనే మెచ్చుకొంటిని. గర్వపడితిని గూడ. అప్పుడు వాడు పరీక్షాధ్వని నొకదానిని పలికించి, వోల్టుమీటరుతో రెండింటి మట్టమును సరిచేసి మరల పది మార్లు వినిపించెను. ఈమారు ఏది యేదియో చెప్పుటలో అయిదు మాత్రమే సరిపోయినవి. కాసు నెగురవేసినను అంతే! పెద్దపెట్టె కొంచెము బిగ్గరగా పలుకుచుండెను. బిగ్గరైనదానిని చెవి శ్రేష్ఠ మనుకొనును. పైగా నేను వినునవి పాతరికార్డులు. వాని పళ్లెములపై సూది గీచిన రొద ముందు నేటి సామాన్యమైన డాక్ యొక్క సొంతరొద లెక్కకు రాదు.

అయిన నా ఫోనులో వాయులీనమేల బావిలో పడెను? లోపము చదువులో లేదు, బలములో నున్నది. ఒక వోల్టు ఇచ్చినచో 32 ఓముల హెడ్‌ఫోను 31 మిల్లీవాట్లు గ్రహించును. 300 ఓముల నా హెడ్‌ఫోను మూడింటికి గొంచె మెక్కువ మాత్రమే. నా ఫోను అరవోల్టునకు మించి యీయలేకపోయెను. శిష్యుని చిన్నపరికరము రెండు వోల్టు లిచ్చును. అనగా 12 డెసిబెల్లు అధికము. నా కదియే చాలెను. ఓము లొక్కటియే చూచినను మోసపోదురు. ఒక మిల్లీవాటునకు ఎన్ని డెసిబెల్లు పలుకునో యడుగవలెను. ఓములు తక్కువయ్యు వెనుకబెంచీ పిల్లవానివలె కదలనివి కొన్ని గలవు. చెవిలో దూర్చుకొను సున్నితమైన వానికి మహాబల మిచ్చినచో సంగీతమునకు బదులు సన్నని బుసయే వినబడవచ్చును. మరియు ఆంప్లిఫయరు లోపలి నిరోధము హెడ్‌ఫోను ఓములలో ఎనిమిదవవంతునకు మించరాదు: 16 ఓముల దానికి రెండు. ఏలన, హెడ్‌ఫోను నిరోధము స్వరస్వరమునకు మారుచుండును. లోపలి నిరోధ మెక్కువైనచో కొన్ని స్వరములు పొంగును, కొన్ని క్రుంగును.

పెట్టెను తిరిగి యిచ్చివేయు లోపలనే యొకటి జరిగెను. ఒకరాత్రి ఆమె మంచినీళ్లకై నన్ను బిలిచినది. వినబడలేదు. వెనుక తెరచియున్న హెడ్‌ఫోనులో గూడ మనిషిపిలుపు వినబడలేదన్న నేను శబ్ద మెంత పెంచితినో యూహింపుడు. మరునాడు చెవివైద్యుని యొద్దకు బోతిని. నాలుగువేలకు పైనున్న కంపనములు నా చెవికి చాలవరకు దప్పిపోయినవని గీత గీచి చూపెను. వయసు కొంత, నా చేత కొంత. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 80 డెసిబెల్ల శబ్దమును వారమునకు 40 గంటలు వినవచ్చును. 90 అయినచో నాలుగుగంటలే. మూడు డెసిబెల్లు పెరిగినప్పుడెల్ల గడువు సగమగును. అంగడివాడు పెట్టెబలమును బొగడెనే గాని యీ లెక్క చెప్పలేదు, నేనును అడుగలేదు.

పెట్టెను మరునాడే యిచ్చివేసితిని. చిన్నపరికరము చాలును. లోపలిగదిలో ఆమె మెల్లగా "ఏమండీ" యన్నను వినబడునంతకు మించి శబ్దము పెరుగకుండ ఫోనులో హద్దు పెట్టించుకొంటిని. ఆ హద్దును నిర్ణయించుటకు మా శిష్యుడు మీటరు తెచ్చెను గాని, ఆమెయే పిలిచి చూచి, "ఇంకొంచెము తగ్గించండి" అనినది.