గెలుపు తరువాతి ధర్మం

టిన్‌ప్లేట్ కర్మాగారం చుట్టూ పెరిగిన ఈ గోల్‌మురిలో, కంపెనీ పనికి వచ్చి స్థిరపడి, ఇంట్లో తెలుగు నిలుపుకొన్న కుటుంబాల నడుమ నన్ను అధ్యక్షస్థానంలో కూర్చోబెట్టారు. కృతజ్ఞతలు.

మహాభారతంలో యుద్ధానంతర ధర్మం గురించి ఈ ఊళ్లోనే మాట్లాడాలి. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడ తయారైన రైలు పట్టాలు మెసొపొటేమియాకు వెళ్లాయి. ఆ సేవకు గుర్తింపుగా 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. యుద్ధం ముగిశాక పేరు పొందిన ఊరు మనది.

భారతం 18 పర్వాలు. తొమ్మిదో పర్వంలో దుర్యోధనుడు తొడలు విరిగి పడ్డాడు. పదో పర్వంలో నిద్రలో ఉపపాండవులు హతులయ్యారు. ఇంకా ఎనిమిది పర్వాలున్నాయి. గెలుపుతో కథ ముగించడానికి వ్యాసుడు ఒప్పుకోలేదు. ఆ గెలుపునే విచారణకు నిలబెట్టాడు. గీతను కొద్ది పద్యాలకు కుదించిన తిక్కన కూడా స్త్రీపర్వ శోకాన్ని విడిచిపెట్టలేదు. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా రాజ్యాల ఎగుడుదిగుడులు చూసినవాడాయన.

ఆ విచారణలో మొదటి సాక్షి ధృతరాష్ట్రుడు. భీముణ్ణి కౌగిలించుకోవాలన్నాడు. కృష్ణుడు ఇనుప బొమ్మను ముందుకు తోశాడు. అది నుగ్గయింది. కోపం దిగగానే ఆ ముసలివాడు భీముణ్ణి చంపేశానని ఏడ్చాడు. ఓడినవాడికి కోపం కక్కడానికి చోటివ్వకపోతే దుఃఖం బయటికి రాదని ఆ ఘట్టం చెబుతోంది. తర్వాత కుంతి. తర్పణాల వేళ కర్ణుడు మీ అన్న అని చెప్పింది. శత్రువుల్లో తన పెద్దన్న ఉన్నాడని తెలిశాక ధర్మరాజుకు విజయం మిగల్లేదు, అడవికి పోతానన్నాడు. ఆ పశ్చాత్తాపమే అతన్ని సింహాసనానికి అర్హుణ్ణి చేసిందని నా నమ్మకం.

నన్ను అన్నిటికన్నా కదిలించేది ఆశ్రమవాసపర్వం. పదిహేనేళ్లు ధృతరాష్ట్రుడు పాండవుల ఇంటనే ఉన్నాడు. ధర్మరాజు తండ్రిలా చూసుకున్నాడు. భీముడు మాత్రం ఆ ముసలివాడికి వినబడేలా, అతని కొడుకులను చంపిన చేతుల గురించి గొప్పలు చెప్పుకున్నాడు. కొడుకుల శ్రాద్ధానికి ధృతరాష్ట్రుడు ధనం అడిగితే అడ్డుపడ్డాడు. అర్జునుడు నచ్చజెప్పాడు, ధర్మరాజు తన ధనం ఇస్తానన్నాడు. యుద్ధం పద్దెనిమిది రోజుల్లో ముగిసింది. మాటల్లో పదిహేనేళ్లు సాగింది. ఒకే కప్పు కింద ఇద్దరు విజేతలు ఉన్నారు. మనం ఎవరిలా ఉంటామన్నదే భారతం మన ముందు పెట్టిన ప్రశ్న.

అది పురాణకాలపు ప్రశ్న కాదు. 1979 ఏప్రిల్‌లో శ్రీరామనవమి ఊరేగింపు వేళ ఈ నగరంలో రేగిన మతకలహాల్లో వందమందికి పైగా చనిపోయారు. కలహాలు చల్లారాక రెండు వైపుల పొరుగువాళ్లే మళ్లీ ఒకే కార్ఖానాకు, ఒకే బజారుకు వెళ్లాల్సి వచ్చింది. చచ్చినవాళ్లకు ఏడ్చే హక్కు రెండు వైపులా ఉంటుందని ఒప్పుకోవడమే అక్కడ మొదలుపెట్టాల్సిన ధర్మం.

పరిశోధకులకూ నాటకసమాజాలకూ నాదొక విన్నపం. రాయబారం పద్యాలకు చప్పట్లు కొట్టే మనం కురుక్షేత్రం దగ్గరే తెర దించేస్తున్నాం. తరువాతి ఎనిమిది పర్వాలను తరగతి గదిలోకి, హరికథలోకి, రంగస్థలం మీదికి తీసుకురండి. స్త్రీపర్వంలో గాంధారి మాట వినని శ్రోతకు భారతం సగమే తెలిసినట్టు. ఈ సదస్సు ఆ రెండో సగం పనికి పూనుకోవాలని కోరుతూ, పత్రసమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.