మనోవైద్యుడు – రోగి రహస్యము

వైద్యునియొద్దను, వకీలునొద్దను నిజము దాచరాదని మన పెద్దలు చెప్పుదురు. విన్నవారు దానిని బయటపెట్టరన్న నమ్మకము లేనిచో ఈ హితవును ఎవ్వరును పాటింపరు. శరీరవైద్యునికి రోగి నాడి కొంత చెప్పును. మనోవైద్యునికి రోగి మాటయే ముఖ్యాధారము. కావున ఆయనకు రహస్యపాలన మర్యాద మాత్రమే కాదు, చికిత్సకు పునాది.

అయితే రోగి, తాను ఒకరిని చంపదలచితినని చెప్పినచో వైద్యుడేమి చేయవలెను?

ఈ ప్రశ్న 1969లో అమెరికాలోని బర్క్లీ నగరమున నిజముగనే ఎదురయ్యెను. అచ్చటి విశ్వవిద్యాలయమున చదువుచున్న భారతీయ విద్యార్థి ఒకడు, తన ప్రేమను అంగీకరింపని యువతిని చంపుదునని తనకు చికిత్స చేయుచున్న మనస్తత్వవేత్తతో చెప్పెను. ఆయన విశ్వవిద్యాలయపు పోలీసులకు తెలిపెను. వారు విద్యార్థిని ప్రశ్నించి, మతి స్థిమితముగనే ఉన్నదని తలచి, ఆమె జోలికి పోనని మాట తీసికొని విడిచిపెట్టిరి. అతడు మరల చికిత్సకు రాలేదు. ఆ యువతికి గాని, ఆమె తల్లిదండ్రులకు గాని హెచ్చరిక చేసినవారు లేరు. అక్టోబరు 27న అతడామెను హత్యచేసెను.

రహస్యము గడప దాటెను. చేరవలసిన ఇంటికి మాత్రము చేరలేదు. రోగికి నమ్మకము పోయెను, యువతికి ప్రాణము పోయెను.

తల్లిదండ్రులు తెచ్చిన టారసాఫ్ వ్యాజ్యమున కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో తీర్పు చెప్పెను. రోగివలన ఒకరికి తీవ్రమైన అపాయము కలదని గ్రహించిన వైద్యుడు, ఆ వ్యక్తిని కాపాడుటకు తగు జాగ్రత్త వహింపవలెనని దాని సారాంశము. రహస్యము నిలువదను భయము కలిగినచో రోగులు చికిత్సకే రారనియు, అందువలన హింస హెచ్చుననియు ఏకీభవింపని న్యాయమూర్తి వాదించెను. ఈ వాదమును తేలికగా తోసిపుచ్చరాదు. కోపమున ‘చంపెదను’ అనువారెందరో కలరు. ఆ మాటలో కోపమెంత, సంకల్పమెంత అని తూచుట మిక్కిలి కష్టము.

మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 23వ సెక్షనులో, రహస్యమును రోగి హక్కుగా గుర్తించినది. ఇతరులను హానినుండి కాపాడుటకు వలసినప్పుడు మినహాయింపు కలదు. అప్పుడును ఆ హానిని నివారించుటకు అవసరమైనంతమేరకే చెప్పవలెను. బర్క్లీ నేర్పిన పాఠమును మేము దీనికి జోడింతుము: ఎంత చెప్పవలెననునది ఒక ప్రశ్న, ఎవరికి చెప్పవలెననునది అంతకంటె పెద్ద ప్రశ్న.

ఇది వైద్యుల చిక్కు మాత్రమే కాదు. పెరిగి పెద్దదైన కుమార్తెను మనోవైద్యునియొద్దకు తోడ్కొనిపోయిన తండ్రి, ఆమె వెలుపలికి రాగానే లోనికి పోయి “మా అమ్మాయి ఏమి చెప్పినదండీ?” అని అడుగుట కద్దు. ఆ ఆతురత ప్రేమవలననే కలుగును. ప్రాణాపాయము లేని చోట వైద్యుడు చిరునవ్వుతో ఊరకున్నచో, దానిని అవమానముగా తలపవలదని శ్రోతలకు మా మనవి. ఆ మౌనమును నమ్మియే ఆమె మరుసటి వారము తిరిగి వచ్చును.