గట్టుమీది పిల్లలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మహాభారత ఆదిపర్వములోని వినత కథ ఈ గ్రంథాలయపు పాఠకులకు క్రొత్తది కాదు. సవతియైన కద్రువకు సంతానము కలిగినదను ఆతురతతో ఆమె పక్వము కాని గ్రుడ్డును చిదిపినది. అందుండి తొడలు లేని బిడ్డ వెలువడినాడు. అతడే అనూరుడు. కోపించి తల్లిని శపించినాడు. ఆ శాపమునుండియే గరుడుని కథ యంతయు పెరిగినది గనుక పురాణము చెప్పువారు శాపము దగ్గర నిలిచి ముందునకు సాగిపోవుదురు. అనూరుడేమైనాడని యడుగువారు తక్కువ. అతడు సూర్యునికి సారథియైనాడు. నడువలేనివాని చేతికి సూర్యరథపు పగ్గములే వచ్చినవి. కాళ్లు తెచ్చి యిచ్చినవారెవరును లేరు. కూర్చుండి చేయదగిన పని మాత్రము దొరకినది.

నారాయణఖేడ్ ప్రాంతమున సాయంకాలము పాఠశాల ఆటస్థలమువైపు పోవువారికి గట్టుమీద కూర్చున్న పిల్లవాడు పరిచితుడే. లోపల కబడ్డీ సాగుచుండును. అతని ముందు ఆడువారి చెప్పులు, పుస్తకముల సంచులు కుప్పగా పడియుండును. పోలియో కాలో, చూపు లేని కన్నో, మాట రాని నోరో, బుద్ధి మాంద్యమో అతనిని గట్టుమీద నుంచినది. వానికి చెప్పుల కావలి యప్పగించినవారు చెడ్డవారు కారు, వాడును ఒక పనిలో నున్నాడని తృప్తిపడుదురు. ఏటేట డిసెంబరు 3వ తేదీన, అనగా 1992 నుండి లోకమంతయు జరుపుకొను వికలాంగుల దినమున, కుర్చీలాట యొకటి పెట్టి బహుమతి నిచ్చుటయు కలదు. తక్కిన 364 దినములు గట్టే గతి.

ఇట్టి పిల్లలకు ఆటలెందుకని యడుగువారికి వరంగల్ జిల్లా పర్వతగిరి మండలములోని కల్లెడ గ్రామము సమాధానము చెప్పును. అచటి పేద కుటుంబమున పుట్టిన జీవాంజి దీప్తికి బుద్ధి వికాసమున కొరత కలదు. ఊరివారు ఆమెను వెక్కిరించిరి. అనాథాశ్రమమునకు పంపివేయుడని తల్లిదండ్రులకు సలహా చెప్పినవారును కలరు. పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును కనిపెట్టినాడు. ఆమె మొదట పరుగెత్తినది ఏ కొరతయు లేని బాలికలతోనే యన్నది ఇచట ముఖ్యమైన మాట. అందరి నడుమ పరుగెత్తినది గనుకనే శిక్షకుడు నాగపురి రమేష్ కంట బడి హైదరాబాదు చేరినది. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున 400 మీటర్ల దూరమును 55.07 సెకండ్లలో పరుగెత్తి తన వర్గమున ప్రపంచ రికార్డును నెలకొల్పినది. అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్ క్రీడలలో 55.82 సెకండ్లతో కాంస్య పతకమును గెలిచినది.

పతకము వచ్చిన పిమ్మట రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజముల స్థలము, గ్రూపు-2 ఉద్యోగము ప్రకటించినది. సంతోషమే. కాని లెక్కల పుస్తకము వ్రాయువారెవరైనను దీనిలో నొక చిక్కును గుర్తింపగలరు. ఇచట జమ కోట్లలో నున్నది, అది కడపట వచ్చినది. ఖర్చు వందలలో నున్నది, అది మొదటనే కావలసినది: ఒక జత బూట్లు, బస్సు ఛార్జీ, పోటీ దినమున తల్లి కోల్పోవు కూలి. ఆ వందలు పుట్టని యూళ్లలో ఎందరు దీప్తులు గట్టుమీదనే పెద్దవారైరో ఏ పద్దులోను వ్రాయబడలేదు.

ఆ మొదటి ఖర్చునకు దారులు లేకపోలేదు. సమగ్ర శిక్షా పథకము క్రింద ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు క్రీడా సామగ్రి నిమిత్తము గ్రాంటు కలదు. ఆ సొమ్ముతో కొను బంతులలో ఒకటి గలగల చప్పుడు చేయునదిగా నుండవలెనని పాఠశాల కమిటీ కోరిన చాలును. అదనపు గ్రాంటుతో పని లేదు. కంపెనీల చట్టము, 2013, 135వ విభాగము ప్రకారము నిర్ణీత పరిమాణమునకు మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. ఆ చట్టపు ఏడవ షెడ్యూలులో గ్రామీణ క్రీడలతో పాటు పారాలింపిక్ క్రీడల శిక్షణయు పేరు పెట్టి చెప్పబడినది. చుట్టుప్రక్కల ప్రాంతమునకు ప్రాధాన్యమియ్యవలెనని కూడ అందే యున్నది. 2016లో నారాయణఖేడ్ చేరిన సంగారెడ్డి జిల్లాలోనే పటాన్‌చెరువు, జహీరాబాదు పరిశ్రమలున్నవి. అయితే రిజిస్టరు కాని సంఘము చేతికి ఆ సొమ్ము రాదు. సంఘము రిజిస్టరై, ఆదాయపు పన్ను శాఖవారి గుర్తింపు పొంది, కేంద్రమున నమోదు కావలెను. అంత శ్రమ చాలనిచో కంపెనీ తానే వస్తువులు కొని పాఠశాలకిచ్చునట్లు కోరవచ్చును. వికలాంగుల హక్కుల చట్టము, 2016, 30వ విభాగము క్రీడలలో పాల్గొనుటను హక్కుగా అంగీకరించినది గనుక అర్జీలో "దయతో" అను మాట ఒక్కసారి వ్రాసిన చాలును.

డబ్బు దొరకువరకు ఆట ఆగనక్కరలేదు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన దినముననే, ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రి ఆవరణలో డాక్టర్ గుట్మన్ చక్రాల కుర్చీలలోని 16 మంది మాజీ సైనికులకు విలువిద్య పోటీ పెట్టినాడు. నేటి పారాలింపిక్స్‌కు మూలమదియే. చెవిటి పిల్లవానికి ఈల వినరాదు. ఈలతో పాటు చేతిరుమాలు ఊపిన వాడును అదే పందెములో పరుగెత్తును. చూపు లేనివారి క్రికెట్టులో బంతి లోపల గుండ్లు మ్రోగుచుండును, దానిని నేలబారుగా వేయుదురు. పల్నాటి బిడ్డ అజయ్ కుమార్ రెడ్డి ఆ ఆటలోనే భారత జట్టుకు నాయకుడై 2017లో ప్రపంచ కప్పు తెచ్చినాడు. కుర్చీలో కూర్చుండి బంతిని గురికి చేర్చు బొచ్చియా అను ఆట గోలీలాటకు దగ్గరి బంధువు. స్పెషల్ ఒలింపిక్స్ వారి పద్ధతి యొకటి కలదు: బుద్ధి మాంద్యము గలవారిని, లేనివారిని ఒకే జట్టులో నాడింతురు. కావలసినది అదియే. గట్టుమీది పిల్లలకు వేరొక గట్టు కట్టి, అచట వేరుగా ఆడించుట సులభము. కాని జట్టు పంచుకొనునపుడు తన పేరు పిలువబడుటలో గల ఆనందము వానికి అచట దొరకదు.

ఈ ప్రాంతమున మరియొక కష్టము కలదు. పండుగలైన పిమ్మట తండాలనుండి కుటుంబములు చెరకు నరుకుటకు వలసపోవును. నడువగల పిల్లలు వెంటపోవుదురు. నడువలేనివాడు ముసలమ్మ దగ్గర ఉండిపోవును. మండల భవిత కేంద్రమునకు అతనిని ఎత్తుకొని తెచ్చువారుండరు. ఏ పథకము వచ్చినను మొదట ఖర్చు పెట్టవలసినది అతనిని ఆటస్థలమునకు తెచ్చు ఆటో బాడుగకు.

కనుక అర్జీలకంటె ముందు పట్టిక కావలెను. పిల్లలెందరో తెలియక అడుగు అర్జీకి ఏ కార్యాలయములోను బలము లేదు. గ్రంథాలయములో వార్తాపత్రికల బల్లమీద ఒక నోటుపుస్తకము నుంచుట ఖర్చులేని పని. చదువ వచ్చినవారు తమ వాడలో, తమ తండాలో నున్న పిల్లల వివరములు అందు వ్రాయవచ్చును. పిల్లవాని పేరు, వయస్సు, తల్లిదండ్రుల పేర్లు, సదరం ధ్రువపత్రము ఉన్నదా లేదా, బడి ఎంత దూరము, ఎత్తుకొని తెచ్చువారెవరు. చివరి గడి యొకటి: ఏ ఆటను చూచుచు కూర్చుండును.