తులసి ఎందుకు వాడింది?



ఈ రోజు ఒక తులసి మొక్క గురించి చెప్పుకుందాం.

పట్నంలో ఒక గది ఇల్లు. వాకిలి లేదు, పెరడు లేదు. కొత్త కోడలు పుట్టింటి నుంచి తులసి మొక్క తెచ్చుకుంది. పాత ప్లాస్టిక్ డబ్బాలో నాటింది. గదిలో దేవుడి పటం పక్కన పెట్టింది.

2 నెలలు తిరిగేసరికి ఆకులు పసుపురంగుకు తిరిగాయి. కొమ్మలు వాలిపోయాయి. ఇరుగుపొరుగు నోళ్ళు ఊరుకుంటాయా?

"తులసి వాడితే ఇంటికి అరిష్టం" అంది ఒకామె.

"కోడలు కాలు పెట్టిన వేళ మంచిది కాదేమో" అంది ఇంకొకామె.

అత్త పైకి ఏమీ అనలేదు. కానీ కోడలితో మాటలు తగ్గించింది. కోడలికి అన్నం సయించలేదు. మొక్కకు ఇంకో చెంబు నీళ్ళు ఎక్కువ పోసింది.

పక్కవీధిలో ఒకామె మొక్కల నర్సరీలో కూలికి పోతుంది. కోడలు ఆమెను పిలుచుకొచ్చింది. ఆమె మట్టిలో వేలు గుచ్చింది. వేలికి బురద అంటుకుంది. వాసన చూసింది. మురుగు వాసన!

"దీనికి నీళ్ళు పోసేదెవరు?" అని అడిగింది.

"నేనే, పొద్దున స్నానం చేసి" అంది అత్త.

"నేనూ పోస్తున్నా" అంది కోడలు.

"సాయంత్రం దీపం పెట్టేటప్పుడు నేనూ పోస్తున్నా" అంది ఆడబిడ్డ.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వేళ్ళకు నీళ్ళు కావాలి. గాలి కూడా కావాలి. మట్టి సందుల్లో గాలి ఉంటుంది. నీళ్ళు నిలిస్తే ఆ గాలి పోతుంది. వేళ్ళు కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేళ్ళు నీళ్ళు పీల్చలేవు. అందుకే తడి మట్టిలో ఉన్నా మొక్క వాడుతుంది. దాహమేమో అని ఇంకా పోస్తే చస్తుంది. ఆ డబ్బాకు అడుగున చిల్లు లేదు. గదిలో ఎండ లేదు. ఇదీ జబ్బు. ఇందులో కోడలి పాదం తప్పేముంది?

నర్సరీ ఆమె మొక్కను మెల్లగా పెకలించింది. మెత్తబడి నల్లగా మారిన వేళ్ళను శుభ్రమైన కత్తెరతో తీసేసింది. గట్టిగా, తెల్లగా ఉన్నవి ఉంచింది. వేళ్ళు తగ్గాయి కదా, అన్ని ఆకులను అవి మోయలేవు. అందుకని పై కొమ్మలు కొంచెం కత్తిరించింది.

చిల్లున్న మట్టి కుండీ తెచ్చారు. చిల్లు మీద పెంకు ముక్క పెట్టారు. 2 పాళ్ళు ఎర్రమట్టి, 1 పాలు ఇసుక, 1 పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపారు. పచ్చి పేడ వేయలేదు. అది వేళ్ళను మాడుస్తుంది. వారం రోజులు నీడలో ఉంచారు. తరువాత కిటికీ దగ్గర, పొద్దుటి ఎండలో పెట్టారు.

"వేలు 2 కణుపుల లోతు గుచ్చండి. తడి తగిలితే నీళ్ళు పోయొద్దు. పొడిగా ఉంటేనే పోయండి. వెన్నులు వస్తే గిల్లేయండి, కొమ్మలు గుబురుగా వస్తాయి" అని చెప్పి వెళ్ళింది.

మరి ముగ్గురిలో ఎవరు పోశారో తెలిసేదెలా? కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. సుద్దముక్కతో గోడ మీద రాసింది: "మంగళవారం నీళ్ళు పోశాను."

అత్తకు చదువు రాదు. మొదట కూతురిని అడిగి చదివించుకునేది. రోజూ అదే మాట చూసి చూసి "నీళ్ళు" అన్న మాటను గుర్తుపట్టింది.

నెల తిరగకుండానే కణుపుల దగ్గర చిన్న చిగుళ్ళు కనిపించాయి. మొదట చూసింది అత్తే. "అమ్మాయీ, ఇటు రా!" అని కోడలిని కేకేసింది. చాలా రోజుల తరువాత పిలిచిన పిలుపది.

మీ ఇంట్లో తులసికి రోజూ ఎంతమంది నీళ్ళు పోస్తున్నారు? ఈ రోజే అడిగి చూడండి.