వెతికితే మన తోట కనబడాలి

(కౌకూర్‌లో జరిగిన మన సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా మాట్లాడుకునేది గిట్టుబాటు ధర గురించి, కరెంటు గురించి, ఎండిపోయిన బోర్ల గురించి, భూమి రికార్డుల గురించి. ఈసారి ఆన్‌లైన్ అంగడి గురించి, గూగుల్ గురించి మాట్లాడమన్నారు. వెనక వరసలో కూర్చున్న పెద్దాయన "ఇది పిల్లల ముచ్చట గదా, మనకెందుకు?" అని అడగనే అడిగారు. ఆయనకు జవాబు చెప్పడంతోనే మొదలుపెడతాం.

మన చుట్టూ ఒకసారి చూడండి. ఒక పక్క బొల్లారం, అల్వాల్. ఇంకో పక్క యాప్రాల్, సైనిక్‌పురి. కొంచెం పైకి పోతే శామీర్‌పేట, మేడ్చల్. ఒకప్పుడు ఈ ప్రాంతం పేరు చెబితే ద్రాక్ష గుర్తుకొచ్చేది. అనాబ్-ఎ-షాహీ పందిళ్లు మనలో చాలామంది కళ్లారా చూసినవే. నీళ్లు అడుగంటాయి, పెట్టుబడి పెరిగింది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, భూమి ధర పంట ధరను మింగేసింది. పందిళ్లున్న చోట అపార్టుమెంట్లు లేచాయి.

భూమి పోయినందుకు బాధ ఉంది. కానీ ఆ అపార్టుమెంట్లలో ఉన్నవాళ్లంతా రోజూ కూరగాయలు కొంటారు. వాళ్ల వంటింటికీ మన మడికీ మధ్య ఉన్నది నాలుగైదు కిలోమీటర్లు. మన పాలకూర మాత్రం తెల్లవారకముందే బోయిన్‌పల్లి యార్డుకు పోతుంది. అక్కడ అడ్తి దగ్గర దిగి, తరుగు పోయి, కమీషను పోయి, హమాలీ పోయి, చిల్లర వ్యాపారి బండెక్కి మళ్లీ యాప్రాల్‌కే వస్తుంది. కొనేవాళ్లు ఇచ్చిన రూపాయిలో మన చేతికి వచ్చేది ఎంతో పట్టీ చూసుకున్న ప్రతి రైతుకూ తెలుసు.

ఈ దూరం తగ్గించడానికే 1999లో రైతు బజార్లు వచ్చాయి. అల్వాల్ రైతు బజారు మనకు తెలిసిందే. అవి మంచి పని చేశాయి. అయితే ఇప్పుడు కొనేవాళ్ల అలవాటు మారింది. సంచి పట్టుకుని బయలుదేరే ముందు ఫోన్ తీస్తున్నారు. "దగ్గర్లో తాజా కూరగాయలు" అని కొడుతున్నారు. ఆ ఫోన్‌లో ఎవరి పేరు వస్తే వాళ్ల దగ్గర కొంటున్నారు. అందుకే పెద్దాయనకు చెబుతున్నాం, ఇది మన ముచ్చటే.

ఇప్పుడు మా అనుభవం చెబుతాం. మేము నలుగురం రైతులం కలిసి ఆకుకూరలు, జామ, నాటు కోడిగుడ్లు అమ్మడానికి ఒక చిన్న ఆన్‌లైన్ అంగడి పెట్టాం. దేవుడి పేరు పెట్టుకున్నాం. భక్తి మంచిదే. కానీ అదే పేరుతో హైదరాబాద్‌లో కిరాణా కొట్లు, టిఫిన్ సెంటర్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ధరల పట్టికను ఫోటో తీసి పెట్టాం. నెల గడిచింది. తెలిసినవాళ్లు తప్ప కొత్త గిరాకీ ఒక్కటి రాలేదు. చివరికి పాలు పోసే ఇంట్లో ఒక అమ్మాయి చెప్పింది: "అన్నా, మీ దుకాణం గూగుల్ల లేనేలేదు."

లేకపోవడం అంటే ఏమిటి? మనకు అర్థమయ్యే మాటలో చెబుతాం. భూమి మన కాస్తులో ఉంటుంది, దున్నుతాం, పంట తీస్తాం. కానీ రికార్డులో పేరు ఎక్కకపోతే బ్యాంకు అప్పు ఇవ్వదు, సర్కారు సాయం రాదు. ధరణి కాలంలో ఆ బాధ పడనివాళ్లు తక్కువ. గూగుల్ కూడా అలాంటి ఒక పహాణీయే. దాని యంత్రాలు ఇంటర్నెట్‌లో ఉన్న పేజీలు తిరిగి చదువుతాయి. ఏ పేజీలో ఏముందో రాసుకుంటాయి. ఎవరైనా అడిగినప్పుడు ఆ పుస్తకంలోంచి తీసి, వరస పెట్టి చూపిస్తాయి. పుస్తకంలో లేనివాళ్లు లేనట్టే. ఉన్నా పదో పేజీలో ఉంటే అక్కడి దాకా ఎవరూ పోరు. ఈ పుస్తకంలోకి ఎక్కడానికి, వరసలో ముందుకు రావడానికి చేసే పనినే ఎస్ఈఓ అంటున్నారు. పేరు చూసి భయపడొద్దు.

మొదట మోసపోయిన సంగతి చెప్పాలి. "మిమ్మల్ని గూగుల్‌లో మొదటి స్థానంలో పెడతాం, గ్యారంటీ" అని ఒకరు వచ్చారు. పదిహేను వేలు తీసుకున్నారు. మా పేజీ నిండా "బెస్ట్ కూరగాయలు హైదరాబాద్" అనే మాటను వందసార్లు రాశారు. మా దగ్గర ఎన్నడూ కొననివాళ్ల పేర్లతో మెచ్చుకోలు రాయించారు. కొన్నాళ్లకు గూగుల్ మా వివరాలనే తొలగించింది. సరే, మా వెబ్‌సైటు మాకు ఇవ్వండి అంటే, దాని పేరు వాళ్ల పేరు మీద రిజిస్టరై ఉంది, పాస్‌వర్డు వాళ్ల దగ్గరే ఉంది. పట్టాదారు పాస్‌బుక్కు ఇంకొకరి చేతికిచ్చి పొలం మనదే అనుకున్నట్టయింది. తప్పు మాది కూడా. చదవకుండా సంతకం పెట్టాం.

గూగుల్ తన సొంత మార్గదర్శకాల్లోనే చెబుతోంది: మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. మామూలు ఫలితాల్లో పైకి రావడానికి గూగుల్‌కు డబ్బు కట్టే పద్ధతి కూడా లేదు. డబ్బు కట్టి పైన కనిపించేది ప్రకటన. దాని మీద ఆ సంగతి రాసే ఉంటుంది. ఆ ప్రకటనల్లో ఎక్కువ భాగం ఎవరైనా నొక్కినప్పుడల్లా పైసలు పోయేవే, సరుకు కొన్నా కొనకపోయినా సరే. కాంటా ఎక్కకముందే హమాలీ కట్టినట్టు. ఆకుకూర కట్టలు అమ్మే మనం ఆ పోటీలో పెద్ద కంపెనీలతో నిలబడలేం.

మరి మనం ఎక్కడ నిలబడగలం? దగ్గర్లోని దుకాణాలను చూపేటప్పుడు గూగుల్ ముఖ్యంగా మూడు సంగతులు చూస్తుంది. అడిగినదానికీ మన దగ్గర ఉన్నదానికీ పొంతన ఉందా. అడిగినవాళ్లకు మనం ఎంత దూరంలో ఉన్నాం. మనకు నలుగురిలో ఎంత పేరుంది. ఈ మూడింటిలో దూరం అనేది మన బలం. యాప్రాల్‌లో ఉన్న మనిషికి ఎక్కడో ఉన్న గోదాముకంటే కౌకూర్ తోట దగ్గర. మిగిలిన రెండు మన చేతిలో పని.

మొదటిది పొంతన, అంటే మాట కలవడం. ఇక్కడే మేము పెద్ద పాఠం నేర్చుకున్నాం. మేము పట్టికలో పుంటికూర అని రాశాం. కోస్తా నుంచి వచ్చిన కుటుంబం గోంగూర అని వెతుకుతుంది. మేము ఆనిగెపుకాయ అంటాం, వాళ్లు సొరకాయ అంటారు. కంటోన్మెంటు చుట్టుపక్కల ఉత్తరాది సైనిక కుటుంబాలు ఎక్కువ, వాళ్లు లౌకీ అని వెతుకుతారు. మెంతికూరను మేథీ అంటారు. కాయ ఒక్కటే, అడిగే నోళ్లు నాలుగు. అందుకే ఇప్పుడు ప్రతి సరుకుకూ తెలుగులో రెండు పేర్లు, హిందీ పేరు, ఇంగ్లీషు పేరు పక్కపక్కన ఒక్కసారి రాస్తున్నాం. వందసార్లు అక్కర్లేదు. ఊరి పేరుతో కూడా ఇదే చిక్కు. కౌకూర్‌ను ఇంగ్లీషులో చివర ఒక యూ పెట్టి రాసేవాళ్లున్నారు, రెండు ఓలు పెట్టి రాసేవాళ్లున్నారు. రెండూ మా పేజీలో ఉండేలా చూసుకున్నాం.

రెండో సంగతి, ఫోటోలో ఉన్న రాత మీద ఆధారపడొద్దు. ధరల పట్టిక ఫోటో మనిషి చదువుతాడు. యంత్రానికి సులువుగా అందేది టైపు చేసిన అక్షరం. అలాగే వాట్సాప్ గ్రూపులో మనం ఎంత రాసినా గూగుల్‌కు కనబడదు. గ్రూపు పాత గిరాకీని నిలుపుకోవడానికి పనికొస్తుంది. కొత్తవాళ్లు రావాలంటే బయట పేజీ ఉండాలి.

మూడోది, పేజీ మొదటి వరస. మా పాత పేజీకి "వెల్‌కమ్" అని శీర్షిక ఉండేది. స్వాగతం అని ఎవరు వెతుకుతారు? ఇప్పుడు "కౌకూర్ తోట నుంచి తాజా ఆకుకూరలు, యాప్రాల్, సైనిక్‌పురి ఇళ్లకు" అని ఉంది. ఏం అమ్ముతాం, ఎక్కడ, ఎవరికి అన్నది ఒక్క వరసలో తెలిసిపోవాలి.

నాలుగోది, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. ఇది ఉచితం. కొనేవాళ్లను ముఖాముఖి కలవని, కేవలం ఆన్‌లైన్ దుకాణాలకు ఇది ఇవ్వరు. తోట దగ్గర అమ్మేవాళ్లకు, ఇంటికి తెచ్చిచ్చేవాళ్లకు ఇస్తారు. అంటే మనకు వస్తుంది. బోర్డు మీద ఏ పేరుందో అదే రాయాలి. ఫోన్ నంబరు, అమ్మే వేళలు అన్నిచోట్లా ఒకటే ఉండాలి. తోట ఫోటోలు మనమే తీసి పెట్టాలి, ఎక్కడివో అందమైన ఫోటోలు వద్దు. ఇంట్లోంచి నడిపేవాళ్లు చిరునామా చూపకుండా, ఏయే కాలనీలకు సరుకు ఇస్తారో మాత్రం రాయొచ్చు.

ఐదోది, పేరు. గూగుల్‌ను మొదలుపెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఒక సంగతి పట్టుకున్నారు. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇచ్చిందంటే అది ఒక సిఫారసు లాంటిది, సిఫారసు చేసేవాడికి ఎంత పరువుంటే ఆ మాటకు అంత విలువ. మన ఊళ్లో పెళ్లి సంబంధాలు చూసే పద్ధతి కూడా అంతే కదా! కాలనీ సంఘం వాళ్ల వెబ్‌సైటులో మన తోట పేరు చేర్చమని అడగండి. కొన్నవాళ్లను రివ్యూ రాయమని అడగండి, కానీ దానికి రాయితీ ఇస్తామనొద్దు, అది నిబంధనలకు విరుద్ధం. తిట్టినవాళ్లకు కూడా మర్యాదగా జవాబు రాయండి. కొత్తిమీర వాడిపోయి వచ్చిందని ఒకమ్మ రాస్తే, తప్పు ఒప్పుకుని మర్నాడు కొత్త కట్ట పంపాం. ఆ జవాబు చూసే ఫోన్ చేశామని తర్వాత ఇద్దరు చెప్పారు.

ఒక హెచ్చరిక. ఆర్గానిక్ అని రాస్తే గిరాకీ వస్తుందని మందు కొట్టిన పంటకు ఆ పేరు పెట్టకండి. సేంద్రియ ఆహారం మీద 2017 నుంచి నిబంధనలున్నాయి. పీజీఎస్ పద్ధతిలో రైతులు గుంపుగా ఏర్పడి ధ్రువీకరణ పొందే దారి ఉంది, నిజంగా చేసేవాళ్లు ఆ దారిలో పోండి. మిగతావాళ్లు "పొద్దున కోసింది, పొద్దునే తెచ్చింది" అని నిజం రాయండి. అది కూడా చిన్న మాట కాదు.

ఫలితం ఒక్కరోజులో రాదు. విత్తు వేసిన మర్నాడే మొలక కోసం మట్టి తవ్వం కదా. మాకు మొదటి కొత్త ఫోన్ రావడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు మా సరుకులో మూడో వంతు నేరుగా ఇళ్లకు పోతోంది. మిగతాది ఇంకా బోయిన్‌పల్లికే పోతోంది, అది కూడా దాచం. కానీ నేరుగా పోయే ఆ వంతుకు ధర మేమే చెబుతున్నాం. మాలో ఒకరు అరెకరం అమ్మేద్దామనుకుని, ఇంకో ఏడాది చూద్దామని ఆగారు. మాకు అంతకంటే పెద్ద లాభం కనిపించలేదు.

మిత్రులారా, ఒక మాట గట్టిగా చెప్పాలి. గూగుల్ రైతు సమస్యకు పరిష్కారం కాదు. వరి, పత్తి, మక్క పండించే రైతుకు కావలసింది మద్దతు ధరకు చట్టబద్ధ హామీ, సకాలంలో కొనుగోలు. స్వామినాథన్ కమిషన్ చెప్పిన, ఖర్చు మీద యాభై శాతం కలిపిన ధర కోసం మన పోరాటం ఆగదు. నేరుగా అమ్ముకోండి, మీ తిప్పలు మీరు పడండి అని ప్రభుత్వం చేతులు దులుపుకుంటే ఒప్పుకోం.

ఇంకోటి. అడ్తిదారు గేటు దాటి గూగుల్ గేటు దగ్గర పడితే అది కూడా పరాయి గేటే. దాని నియమాలు అది మారుస్తూనే ఉంటుంది. 2024 నుంచి మన దేశంలో వెతికినప్పుడు చాలాసార్లు పైన కృత్రిమ మేధ రాసిన జవాబు వస్తోంది, కింద ఉన్న పేజీల దాకా చాలామంది రావడం లేదు. అందుకని ఒకసారి వచ్చిన గిరాకీ ఫోన్ నంబరు మన పుస్తకంలో రాసుకోవాలి. రేపు గూగుల్ మరిచిపోయినా, వాళ్లకు మనం గుర్తుండాలి.

అందుకే సంఘం తరఫున ఈ తీర్మానాలు పెడుతున్నాం. ప్రతి ఊరి నుంచి ఫోన్ వాడటం వచ్చిన ఇద్దరు యువకులు, ఇద్దరు ఆడపిల్లలు ముందుకు రావాలి, వాళ్లకు మేము నేర్చుకున్నది నేర్పుతాం. వెబ్‌సైటు పేరు, పాస్‌వర్డు ఎప్పుడూ రైతు పేరు మీదే ఉండాలి. ఉద్యాన శాఖ ఈ పనిలో తెలుగులో శిక్షణ ఇవ్వాలి. కాలనీల దగ్గర కాంటా, నీడ, చల్లటి గది ఉన్న సేకరణ కేంద్రం కట్టాలి. కౌలు రైతులకు గుర్తింపు కార్డులివ్వాలి, సొంత భూమి లేదని వాళ్లు ఈ దారిలో వెనకబడకూడదు. చిన్న రైతు వివరాలు గూగుల్‌లో మాయమైతే తెలుగులో ఫిర్యాదు చేసి, మనిషి నుంచి జవాబు పొందే ఏర్పాటు ఉండాలి.

ఈ రాత్రి ఇంటికి పోయాక ఒక పని చేయండి. పిల్లల ఫోన్ తీసుకుని మీ ఊరి పేరు, పక్కన మీ పంట పేరు కొట్టి చూడండి. ఎవరి పేర్లు వస్తాయో ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే నెల సమావేశానికి ఆ కాగితం తీసుకురండి. అందులో పంట పండించే మన పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, అక్కడి నుంచి పని మొదలుపెడదాం.

రైతుల ఐక్యత వర్ధిల్లాలి!